అక్వేరియం ఫిల్టర్‌కు చేపలు ఎందుకు అతుక్కుపోతాయి? చిన్న స్పాంజి వాటిని ఎలా కాపాడుతుంది?

అక్వేరియంలో చేప చనిపోయి ఫిల్టర్ గొట్టానికి అతుక్కుని కనిపిస్తే, ఫిల్టరే చంపేసిందని అనిపిస్తుంది. చాలామంది వెంటనే ప్లగ్ తీసేస్తారు. కానీ, దానివల్ల మిగిలిన చేపలకు ముప్పు పెరుగుతుంది.

చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత కారణంగా నీటిలో అమ్మోనియా చేరుతుంది. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా ఈ విషాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఫిల్టర్‌ను చాలాసేపు ఆపేస్తే, ఆక్సిజన్ అందక ఈ బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

మరి ఫిల్టర్ నడుస్తుండగానే చేపలను కాపాడటం ఎలా?

ఏ చేపలకు ముప్పు?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప సాధారణంగా ఈ లాగుడును తప్పించుకుంటుంది. పొడవాటి రెక్కలుండే ఫైటర్ చేపలు వేగంగా ఈదలేవు. వాటి రెక్కలు గొట్టం గాళ్లలో ఇరుక్కుని చిరిగిపోతుంటాయి. అప్పుడే పుట్టిన గప్పీ పిల్లలు, చిన్న రొయ్యలు ఏకంగా ఫిల్టర్ లోపలికే వెళ్లిపోతాయి.

అసలు సమస్య వేగం

ఎంత నీరు లాగుతుందన్నదే కాదు, ఎంత జాగా నుంచి లాగుతుందన్నదీ ముఖ్యమే. ఉదాహరణకు, గంటకు 500 లీటర్లు తోడే ఫిల్టర్‌ను తీసుకుందాం. గొట్టం గాళ్ల మొత్తం వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లయితే, అక్కడ నీటి వేగం సెకనుకు దాదాపు 28 సెం.మీ. చెత్త చేరి సగం గాళ్లు మూసుకుపోతే, మిగిలిన వాటి దగ్గర అది ఇంకా పెరుగుతుంది.

అదే గొట్టానికి 4 సెం.మీ. వ్యాసం, 8 సెం.మీ. పొడవున్న స్పాంజి తొడిగితే, నీరు సుమారు 100 చదరపు సెం.మీ. ఉపరితలం నుంచి వస్తుంది. వేగం సెకనుకు సుమారు 1.4 సెం.మీ.కు పడిపోతుంది.

విద్యుత్ కేంద్రాలు నదుల నుంచి నీరు తోడే చోటా ఇదే సూత్రం. చేపలు జాలీకి అతుక్కుపోకుండా అమెరికా 2014లో ఇచ్చిన నిబంధనల్లో సూచించిన మార్గాల్లో ఒకటి, నీటి వేగాన్ని సెకనుకు 0.5 అడుగులకు, అంటే సుమారు 15 సెం.మీ.కు పరిమితం చేయడం.

ఎలాంటి స్పాంజి వాడాలి?

అక్వేరియం దుకాణాల్లో దొరికే, కాస్త పెద్ద రంధ్రాలున్న స్పాంజి మంచిది. రంధ్రాలు మరీ చిన్నవైతే త్వరగా పూడిపోయి మోటారుపై భారం పడుతుంది. గిన్నెలు తోమే స్పాంజి వద్దు, వాటిలో కొన్నింటికి రసాయనాలు కలుపుతారు.

నీటి ధార తగ్గినప్పుడు ప్లగ్ తీసి స్పాంజిని శుభ్రం చేయాలి. తొట్టిలోంచి బకెట్‌లోకి తీసిన నీటిలోనే దాన్ని పిండాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ మేలు చేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది.

పిల్లలు పెట్టే చేపలు, ఫైటర్లు మాత్రమే ఉన్న చిన్న తొట్టికైతే ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ సరిపోతుంది.

చేప ఇరుక్కుంటే?

ముందు స్విచ్ ఆపాలి. చేపను పట్టి లాగకూడదు. లాగుడు ఆగితే చాలావరకు అదే విడిపోతుంది. చిరిగిన రెక్కలు శుభ్రమైన నీటిలో మళ్లీ పెరుగుతాయి.

ఒకవేళ పెద్ద చేపే చనిపోయి గొట్టానికి కనిపిస్తే, అది ముందే జబ్బుపడి నీరసించిందేమో ఆలోచించాలి. స్పాంజి తొడిగే ముందే నీటిలో అమ్మోనియా, నైట్రైట్ ఎంత ఉన్నాయో టెస్ట్ కిట్‌తో చూడాలి. అవి సున్నా దాటి ఉంటే ఆ రోజే కొంత నీరు మార్చాలి.