మత్తు మరక చెరిగేనా?

టైసన్ మాంకర్ 2003లో ఇరాక్‌పై దండెత్తిన అమెరికా మెరైన్ దళంలో ఉన్నారు. ప్రాణాలతో తిరిగొచ్చారు. కానీ ఆ ఏడాదే గంజాయి తాగారన్న కారణంతో సైన్యం ఆయన్ను సాగనంపింది. చేతికిచ్చిన డిశ్చార్జి కాగితంపై 'అదర్ దాన్ ఆనరబుల్' అని రాసింది. గౌరవప్రదం కాని నిష్క్రమణ అన్నమాట. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాన్ని మరిచిపోవడానికే తాగానన్నది ఆయన వాదన.

అమెరికాలో మాజీ సైనికుడి బతుకంతా డిడి-214 అనే ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది. ఉద్యోగమిచ్చేవారు అడిగేదీ అదే. డిశ్చార్జిలో ప్రధానంగా ఐదు మెట్లున్నాయి. పై మెట్టయిన 'ఆనరబుల్' దక్కితేనే జీఐ బిల్లు కింద చదువు ఖర్చు వస్తుంది. ఒక మెట్టు దిగి 'జనరల్' అయితే వైద్యం, వైకల్య భృతి దక్కుతాయి కానీ చదువు సాయం పోతుంది. మూడోదైన 'అదర్ దాన్ ఆనరబుల్'కు దిగితే ఏది దక్కుతుందో మాజీ సైనికుల శాఖ విడిగా తేల్చాలి. చివరి రెండు మెట్లూ కోర్టు మార్షల్ మాత్రమే వేయగల శిక్షలు.

ఈ తగువు పాతదే. 1971లో వియత్నాం నుంచి ఇంటికెళ్లే సైనికులకు మూత్ర పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ ఏడాది తిరిగొచ్చిన వారిపై పరిశోధకురాలు లీ రాబిన్స్ చేసిన అధ్యయనంలో దాదాపు 20 శాతం మంది అక్కడ హెరాయిన్‌కు బానిసలయ్యామని చెప్పారు. ఇల్లు చేరాక తొలి ఏడాదిలో మళ్లీ బానిసలైంది వారిలో 5 శాతమే. తప్పు మనిషిదా, వాణ్ని నిలబెట్టిన చోటుదా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు దొరకడం కష్టం. కేవలం సొంత వాడకం కారణంగా ఇచ్చిన చెడ్డ డిశ్చార్జిలను తిరిగి పరిశీలించాలని అప్పటి రక్షణ మంత్రి మెల్విన్ లెయిర్డ్ అదే ఏడాది ఆగస్టులో ఆదేశించారు.

ఆ కనికరం ఎంతోకాలం నిలవలేదు. 1981 మేలో విమానవాహక నౌక నిమిట్జ్‌పై విమానం కూలి 14 మంది చనిపోయారు. మరణించిన డెక్ సిబ్బందిలో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. దాంతో నౌకాదళం 'జీరో టాలరెన్స్' పాట అందుకుంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో గంజాయి దుకాణాల్లోనే దొరుకుతున్నా సైనికుడు మాత్రం ముట్టకూడదు.

అప్పీలుకు రెండు తలుపులున్నాయి. డిశ్చార్జి అయిన 15 ఏళ్లలోపైతే డిశ్చార్జి రివ్యూ బోర్డుకు ఫారం 293 పంపాలి. గడువు దాటినవారికి రికార్డుల దిద్దుబాటు బోర్డే దిక్కు. అక్కడ గడువు మూడేళ్లే అయినా న్యాయం కోసం బోర్డు దాన్ని పక్కనపెట్టవచ్చు. వకీలు తప్పనిసరేం కాదు. పరీక్షలో దొరికాక 'నేను వాడనే లేదు' అని నెగ్గడం కష్టం. 'వాడాను, ఎందుకంటే...' అన్న అప్పీలుకే బలమెక్కువ. సైన్యంలో మరో వెసులుబాటూ ఉంది. చికిత్స కోసం సైనికుడు తనంతట తానుగా ఒప్పుకున్న మాటను డిశ్చార్జి స్థాయిని తగ్గించడానికి వాడుకోకూడదు. అది ఫైల్లో చేరిందని తేలితే బోర్డు దిద్దాల్సిందే.

ఆ 'ఎందుకంటే'కు విలువ రావడానికి దశాబ్దాలు పట్టింది. యుద్ధ గాయం తాలూకు మానసిక రుగ్మత పీటీఎస్‌డీకి వైద్య గ్రంథంలో పేరు దొరికింది 1980లో. వియత్నాం నుంచి వచ్చినవారు అప్పటికే ఇంటి దారి పట్టారు. వారి అర్జీలను ఉదారంగా చూడాలని రక్షణ మంత్రి చక్ హేగెల్ 2014 సెప్టెంబరులో బోర్డులకు చెప్పారు. 2017 ఆగస్టు నాటి మార్గదర్శకాలు మరో అడుగు వేశాయి. రుగ్మత ఉందా, సర్వీసులో ఉండగానే ఉందా, తప్పుకు అది కారణమా, తప్పు కంటే బరువైనదా అని బోర్డు చూడాలి. బాధ తట్టుకోలేక మత్తును ఆశ్రయించడమూ లెక్కలోకి వస్తుంది. ఆసుపత్రి కాగితాలు లేకున్నా సైనికుడి మాటే సాక్ష్యం కావచ్చు.

ఇదేమీ పదిమంది సమస్య కాదు. 2011-15 ఆర్థిక సంవత్సరాల్లో దుష్ప్రవర్తన పేరిట పంపేసిన 91,764 మందిలో 62 శాతం మందికి అంతకుముందు రెండేళ్లలోనే పీటీఎస్‌డీ, మెదడు గాయం లేదా మరేదైనా మానసిక సమస్య ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారని అమెరికా పార్లమెంటు తరఫు ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో తేల్చింది.

అక్కడి సైన్యంలో చేరిన పిల్లలున్న తెలుగు ఇళ్లలో కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి. గ్రీన్‌కార్డుతో సైన్యంలో చేరి, ఆ సేవ ఆధారంగా త్వరగా పౌరసత్వం పొందినవారు ఐదేళ్లు గౌరవప్రదంగా పనిచేయకముందే చెడ్డ డిశ్చార్జితో బయటపడితే, పౌరసత్వాన్నే రద్దుచేసే వీలు చట్టంలో ఉంది.

కాగితంపై ఉదారంగా ఉన్న బోర్డులు ఆచరణలో అలా లేవంటూ మాంకర్ 2018 మార్చిలో నౌకాదళంపై కోర్టుకెక్కారు. తనలాంటి వారందరి తరఫునా వేసిన దావా అది. 2022 ఫిబ్రవరిలో రాజీకి కోర్టు ఆమోదం లభించింది. దాని ప్రకారం 2012 మార్చి తర్వాత తిరస్కరించిన ఇరాక్, అఫ్ఘాన్ కాలపు అర్హుల అర్జీలను నౌకాదళ బోర్డు తనంతట తానే మళ్లీ తెరవాలి. అంతకుముందు తిరస్కరణకు గురైనవారు మాత్రం కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి.