లెక్కల సింహము

పెద్దబజారులో కొట్టు పెట్టుకొన్న షావుకారునకు సమాచార వ్యవస్థ యన్న మాటతో పని లేదు. గల్లాపెట్టె యెదుట కూర్చుండియే యతడు బియ్యపు బస్తాలెన్ని మిగిలినవో, ఏ రైతు ఎంత బాకీపడినాడో, రేపటి బండికి ఏమేమి తెప్పింపవలెనో యెరుగును. ప్రొద్దుటినుండి జరిగిన బేరములన్నియు వరుసగా చిట్టాలో నెక్కును. తీరిక చిక్కినప్పుడు చిట్టాలోనివి ఎవరి పద్దు వారి పేర ఆవర్జాలోనికి దిగును. కొనుట, అమ్ముట, అప్పిచ్చుట, కూలి చెల్లించుట అను నిన్ని పనులును ఒక్క మనిషి తలలో కలిసికొనుచుండును. ఆ తలయే యతని కార్యాలయము.

కొట్టు పెరిగి కంపెనీ యైన నాడు ఈ సౌకర్యము పోవును. కొనువాడొకడు, వండువాడొకడు, బండి కెత్తించువాడొకడు, సొమ్ము వసూలు చేయువాడు వేరొకడు. ప్రతివానికిని ఒక గది, ఒక బల్ల, ఒక పుస్తకము. ఒకే రొట్టె ఆరు పుస్తకములలో ఆరు మారులు వ్రాయబడును. ఆరింటిలో ఒకచోట చేయి జారెనా, ఏది నిజమో తేల్చుటకు ఏడవ గుమాస్తాను నియమింపవలసి వచ్చును. అతడు తేల్చులోపల రొట్టె పాచిపోవును. పెద్ద వ్యాపారములకు పట్టిన ఈ జబ్బునకు ఎలక్ట్రానిక్ కంప్యూటరుతో మొట్టమొదట మందు వేసినవారు బ్యాంకుల వారును కారు, ఉక్కు కర్మాగారముల వారును కారు. లండను నగరములో టీయు బన్నులును అమ్ముకొను ఒక కంపెనీ వారు.

ఆ కంపెనీ పేరు జె. లయన్స్ అండ్ కంపెనీ. పొగాకు వర్తకములో నున్న సాల్మన్, గ్లుక్‌స్టయిన్ కుటుంబముల వారు 1887లో న్యూకాసిల్ నగరమున జరిగిన ప్రదర్శనములో టీ అమ్ముటతో ఈ వ్యాపారమును ప్రారంభించిరి. తమ పేర్లను ముందుంచుకొనక, తమతో చేరిన జోసెఫ్ లయన్స్ పేరు దానికి పెట్టిరి. 1894లో పికడిలీ వీధిలో తొలి టీ దుకాణము తెరచిరి. అది మొదలు దుకాణములు పెరిగి పెరిగి యొక దశలో రెండువందలు దాటినవి. లండను పశ్చిమ భాగమున కేడ్బీ హాల్ అను చోట వారి కర్మాగారములును, ప్రధాన కార్యాలయమును ఉండెను. రొట్టెలు, కేకులు, పైలు, ఐస్‌క్రీము అక్కడ తయారై రాత్రికి రాత్రి ఊరిమీదికి పోవుచుండెను.

ఇట్టి వ్యాపారములో అమ్ముడుపోవు వస్తువు లక్షలు, ఒక్కొక్క దానిపై వచ్చు లాభము పెన్నీలో చిన్నమెత్తు. బన్ను అమ్మగా వచ్చిన లాభమును ఆ బన్నును గూర్చి వ్రాసిన కాగితముల ఖర్చు మ్రింగివేయును. వజ్రముల వర్తకునకు ఇట్టి చింత యుండదు. టీ దుకాణము వారికి మాత్రము గుమాస్తా కలము నుండి జారు ప్రతి యక్షరమునకును వెల కట్టవలసిన యగత్యము కలిగెను. కంప్యూటరు ముందుగా వీరి గుమ్మము త్రొక్కుటకు కారణము ఇదియే.

ఈ యగత్యమును తొలుత గుర్తించినవాడు జాన్ సిమన్స్. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితము నభ్యసించి 1923లో లయన్స్ కంపెనీలో చేరెను. ఆయన దృష్టిలో కార్యాలయ మనగా జరిగినదానిని వ్రాసిపెట్టు చోటు మాత్రమే గాదు. జరుగబోవుదానిని నడపువారికి చూపునిచ్చు చోటు. 1930 దశాబ్దమున ఆ కంపెనీలో కార్యవిధానముల పరిశోధనకై ప్రత్యేకముగా నొక శాఖ పనిచేయుచుండెను. అందలివారు ఒక్కొక్క ఫారమును చేతబట్టుకొని, దీనిని వ్రాయువా రెవరు, చదువువా రెవరు, చదివి చేయున దేమి యని యడుగుచుండెడివారు. చదువువారే లేని కాగితమును అక్కడితో ఆపివేయుచుండిరి. యంత్రము పుట్టుటకు పదునైదేండ్లు ముందే యంత్రమున కప్పగింపదగిన పని యేదో వారు విడదీసి యుంచుకొనిరన్న మాట. లయన్స్ కథలో మిక్కిలి విలువైన భాగ మిదియే. కథ చెప్పువారు తరచుగా విడిచిపెట్టు భాగమును ఇదియే.

రెండవ ప్రపంచయుద్ధ మైన తరువాత, 1947లో, రేమండ్ థాంప్సన్, ఆలివర్ స్టాండింగ్‌ఫర్డ్ అను నిద్దరు ఉద్యోగులను కంపెనీవారు అమెరికాకు పంపిరి. యుద్ధకాలమున అక్కడి కార్యాలయములు నేర్చిన కొత్త పద్ధతులను చూచి రండని చెప్పి పంపిరి. ఫిరంగి గుండ్ల గమనమును లెక్కించుటకై నిర్మింపబడిన ఎలక్ట్రానిక్ గణనయంత్రములను గూర్చి వినిన ఆ యిద్దరును ప్రిన్‌స్టన్‌లో హెర్మన్ గోల్డ్‌స్టయిన్ అను పండితుని దర్శించిరి. అట్టి యంత్రమునే మీ దేశమున, మీ కేంబ్రిడ్జిలోనే, మారిస్ విల్క్స్ నిర్మించుచున్నాడని ఆయన చెప్పెను. చంకలో బిడ్డ నుంచుకొని సముద్రము దాటి వెదకినట్లయినది. తిరిగివచ్చి విల్క్స్‌ను కలిసికొనిరి. లయన్స్ వారు ఆయన ప్రయత్నమునకు 3,000 పౌండ్లును, ఎర్నెస్ట్ లెనార్ట్స్ అను తమ యుద్యోగిని ఒకనిని ఇచ్చి తోడ్పడిరి. విల్క్స్ నిర్మించిన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన తొలిసారిగా లెక్క చేసినది. ఆ నమూనాను బట్టి జాన్ పింకర్టన్ అను ఇంజనీరు కేడ్బీ హాల్‌లోనే మరియొక యంత్రమును కట్టెను. దాని పేరు లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్. పొడి యక్షరములు కలిపిన లియో. లాటిను భాషలో లియో యనగా సింహము. పెద్ద గది నిండ సుమారు 6,000 వాల్వులు. పాదరసము నింపిన గొట్టములలో ధ్వని తరంగములై తిరుగు అంకెలు.

1951 నవంబరు చివరి వారమున ఈ సింహము రొట్టెల లెక్క చేపట్టెను. బేకరీ ఆ వారము తయారుచేసిన సరుకుకు ఎంత పిండి, ఎంత కూలి పడినది, ఏ శాఖకు ఎంత పోయినది, విలువ ఎంత యని లెక్క కట్టుట దాని పని. వ్యాపార సంబంధమైన నిత్యకృత్య మొకటి కంప్యూటరుపై వారమువారము తప్పక జరుగుట లోకమున నదియే మొదలని చరిత్రకారులు చెప్పుదురు.

తరువాత వచ్చినది జీతముల పట్టిక. రొట్టెల లెక్క ఒకపూట ఆలస్యమైనను పై యధికారి విసుగుకొని యూరకుండును. జీతము శుక్రవారము నాటికి చేతికి రానిచో కార్మికుని యింట పొయ్యి రగులదు. అందుచేత సిమన్స్ పరివారము తొందరపడలేదు. ఈ యంత్రముతో చేయింపవలసిన పనుల నన్నిటిని అల్లినవాడు డేవిడ్ కామినర్. కాఠిన్యమునకు పేరుపొందిన మనిషి. గుమాస్తాలు ఎప్పటివలె పాత పద్ధతిలో లెక్క వేయుచుండగనే యంత్రముచేత గూడ వేయించి, వారముల తరబడి రెంటిని సరిచూచి, 1954 ప్రారంభమున గాని జీతములను దానికి వదలలేదు. అనుభవముగల గుమాస్తాకు ఒక మనిషి జీతము లెక్క కట్టుటకు ఎనిమిది నిమిషములు పట్టెడిది. లియో ఒకటిన్నర సెకండులో ముగించెను. ఆ యెనిమిది నిమిషముల నేర్పును బ్రతుకుతెరువుగా చేసికొన్నవారి మాట యేమని యడుగువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. ఆ ప్రశ్నకు వేగము సమాధానము కాజాలదు.

ఇట్టి యోపిక అందరకు నుండదు. 1999లో అమెరికాలోని హెర్షీ యను చాక్‌లెట్ల కంపెనీ ఆర్డర్లు, గిడ్డంగులు, రవాణా, ఖాతాలు అన్నిటిని ఒక్కటి చేయు కొత్త వ్యవస్థను త్వరపడి, పండుగల గిరాకీ ముంచుకొని వచ్చువేళ అమలుపరచినది. మిఠాయి గిడ్డంగులలో నుండగనే, దుకాణములవారు అడిగిన సరుకులో సుమారు 10 కోట్ల డాలర్ల విలువగల దానిని పంపలేకపోయినది. ఎక్కడ నున్నదో తెలియని సరుకు లేని సరుకుతో సమానమైనది.

లియో చేసిన పనులలో మిక్కిలి సొగసైనది మాత్రము టీ దుకాణముల ఆర్డర్ల పని. అది 1954 అక్టోబరులో మొదలైనది. అంతకుముందు ప్రతి దుకాణపు నిర్వాహకురాలును మరునాటికి కావలసిన బన్నులు, కేకులు, పైలు అన్నిటిని పొడుగాటి ఫారములలో ప్రతి దినమును పూర్తిగా నింపి పంపవలసి యుండెను. రోజంతయు కాళ్లపై నిలిచి పనిచేసిన యామెకు ఇది రోజు చివరి శిక్ష. నిన్నటికిని నేటికిని నడుమ మారినది నాలుగు వస్తువులే యైనను, నలువది వస్తువులను మరల వ్రాయవలసినదే.

కామినర్ బృందము వారు ఈ శ్రమను తలక్రిందులు చేసిరి. వారములో ఏ దినమునకు ఏమేమి సాధారణముగా కావలెనో దుకాణము వారిచేత ముందుగా చెప్పించి ఆ జాబితాను కార్డులపై నెక్కించి యుంచిరి. ప్రతి దినమును నిర్ణీతమైన వేళకు టెలిఫోనులో నిర్వాహకురాలు చెప్పవలసినది మార్పులను మాత్రమే. వాన ముసురుకొన్నది గనుక ఐస్‌క్రీము తగ్గింపుడు, ఎదుటి సినిమాహాలులో కొత్త చిత్రము వచ్చినది గనుక బన్నులు హెచ్చింపుడు అనునట్లు. కేడ్బీ హాల్‌లో చెవికి ఫోను తగిలించుకొని కూర్చున్న యువతి వినుచునే ఆ మార్పును కార్డుపై రంధ్రములుగా పొడుచును. ఆ కార్డులు లియోలోనికి పోవును.

అక్కడినుండి ఆ మాట ఎన్ని దారులు పట్టినదో చూడదగును. దుకాణము లన్నిటి కోరికలు కూడి, ఏ సరుకు ఎంత కావలెనో తయారుచేయువారికి చేరును. ఏ దుకాణమునకు ఏవి కట్టవలెనో చూపు పట్టిక సరుకు సర్దువారికి చేరును. పంపిన సరుకు విలువ దుకాణము పేర ఖాతాలో పడును. ఏ వస్తువు పెరుగుచున్నది, ఏది తరుగుచున్నది యను సారాంశము నిర్వాహకుల బల్లమీదికి పోవును. ఆమె పలికిన దొకసారి, కార్డుపై నెక్కినది యొకసారి. చిట్టానుండి ఆవర్జాకు, ఆవర్జానుండి మరియొక దస్త్రమునకు చేతితో ఎత్తివ్రాయుట యన్నది లేదు. షావుకారు తలలో జరుగు కలయిక, తెగిపోయిన యిన్నాళ్లకు, రెండువందల దుకాణముల కంపెనీలో మరల జరిగినది.

ఈ యంత్రమునకు ఆదేశములు వ్రాసినవారిలో మేరీ కూంబ్స్ అను నామె కలదు. వ్యాపార కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాసిన తొలి మహిళగా ఆమెకు గుర్తింపు కలదు. ఆమె విశ్వవిద్యాలయమున చదివినది గణితము గాదు, ఫ్రెంచి భాష. భాష చదివినవారికి లోకమున పని లేదనువారు ఈ సంగతిని గమనింతురు గాక.

లయన్స్ వారు 1954లోనే లియో కంప్యూటర్స్ అను పేర వేరు సంస్థను స్థాపించి ఇతరులకు యంత్రముల నమ్మసాగిరి. ఫోర్డు మోటారు కంపెనీ డాగెన్‌హామ్ కార్మికుల జీతములను వీరిచేత లెక్క కట్టించుకొనెను. టీ దుకాణము వారి యొద్దకు మోటారుల వారు వచ్చుట వింతయే. కాని యంత్రములను కట్టి యమ్ముటకు పెట్టుబడి చాలలేదు. 1963లో ఆ సంస్థ ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీతో కలిసినది. ఆ కలయికలు పెరిగి 1968లో ఐ.సి.ఎల్. అయినవి. తొలి లియో 1965లో ఆగిపోయినది.

మాట ఒకమారు చెప్పినచో అన్ని శాఖలకు పనికివచ్చునట్లు చేయవలెనను తలంపు మాత్రము ఆగలేదు. 1972లో జర్మనీలో ఐ.బి.ఎం. ఉద్యోగమును వదలివచ్చిన యైదుగురు ఇంజనీర్లు శాప్ అను సంస్థను స్థాపించిరి. నేడు లోకములోని పెద్ద కంపెనీలు అనేకము దాని సాఫ్ట్‌వేరుపై నడచుచున్నవి. హైదరాబాదు అమీర్‌పేటలో ఇరుకు మెట్లెక్కి శిక్షణ కేంద్రములకు పోవు తెలుగు యువకులు ఏ దేశపు కంపెనీకో ఆర్డరు మొదలు వసూలు దాక గల గొలుసును ఎట్లు కూర్పవలెనో నేర్చుకొనుచున్నారు. వారు తెరపై నొక్కు గడులలో టెలిఫోను చేతబట్టిన ఆ నిర్వాహకురాలి నీడ కలదు.

ఇంత చూపు సంపాదించిన లయన్స్ కంపెనీ తా నెందులకు నిలువలేకపోయినదని పాఠకులు అడుగవచ్చును. నిన్న ఎన్ని బన్నులు పోయినవో లియో మాపటికి చెప్పగలిగెను. ఇంటింటను టెలివిజను వచ్చి, వీథివీథిని కాఫీ బార్లు వెలసి, జనము టీ దుకాణమునకు వచ్చుటయే తగ్గినప్పుడు ఆ తగ్గుదలను అది సరిగనే లెక్క కట్టి చూపియుండును. ఏమి చేయవలెనో మనుష్యులే తేల్చుకొనవలసి యుండెను. వారు విదేశములలో కంపెనీలను కొనుటకు పూనుకొని, అందుకై విదేశపు నాణెములలో అప్పులు చేసిరి. 1970 తరువాతి సంవత్సరములలో పౌను విలువ పడిపోగా ఆ యప్పులు కొండలైనవి. 1978లో లయన్స్ కంపెనీని అలైడ్ బ్రూవరీస్ అను బీరు వ్యాపారులు కొనివేసిరి.

ఆ నాటికి బ్రిటిష్ తపాలా శాఖలో లియో వంశపు మూడవ తరము యంత్రములు ఇంకను తిరుగుచుండెను. ఆ దేశపు టెలిఫోను బిల్లుల లెక్క వాని పని. 1981 వరకును అవి ఆ పని చేసినవి.