ఎడారి గడ్డపై పెరటి మడి: ఎవరి సలహా వినాలి?

దోహా పాత నగరంలోని పేటలలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ ఒకటి. గల్ఫ్ ప్రాంతపు అరబ్బీ వాడుకలో ‘ఫరీజ్’ అంటే పేట, వాడ అని అర్థం. ఇటువంటి పేటలో అపార్టుమెంటులో కాపురముండే తెలుగు కుటుంబానికి పెరడు ఉండదు. పెరటిపై మమకారం మాత్రం ఉంటుంది. బాల్కనీలోనో, యజమాని అనుమతిస్తే డాబా మీదనో నాలుగు కుండీల గోంగూర, రెండు వంగమొక్కలు, పందిరికి ఒక బీరపాదు ఉంటే చాలుననిపిస్తుంది.

ఆ కోరికకు సాధారణంగా అడ్డు వచ్చేది శ్రమ కాదు, విత్తనం కాదు, సలహా. సలహాలకు కొదవ ఉండదు. ఊరి నుంచి మేనమామ ఫోనులో చెప్పేది ఒకటి, అమెరికాలో స్థిరపడిన బంధువు చెప్పేది మరొకటి, పక్క ఫ్లాటులోని మలయాళీ గృహిణి చెప్పేది ఇంకొకటి. ముగ్గురూ అనుభవజ్ఞులే. ఎవరి మాట వారి నేలపై నిజమే. కాని నేల మారితే నిజమూ మారుతుంది. ఖతర్‌లో ప్రవాసి కాపురం చాలామందికి ఉద్యోగపు ఒప్పందం ఉన్నంత కాలమే. అక్కడ కూరగాయలకు అనువైన కాలం ఏడాదికి ఒక్కటే. చెల్లని సలహాతో ఒక శీతకాలం గడిచిపోతే, చేతిలో ఉన్న కొద్ది శీతకాలాలలో ఒకటి పోయినట్లే. అందుచేత ఏ సలహానైనా స్వీకరించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది: ఇది ఏ కాలానికి చెప్పినది? ఏ మట్టికి? ఏ నీటికి?

ఏ కాలానికి?

తెలుగునాట సాగు లెక్క కార్తెలతో నడుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి; జూన్ మొదటి వారం దాటగానే మృగశిర, తొలకరి, విత్తనం. ఈ వరుస అంతా నైరుతి రుతుపవనం ఇచ్చిన వరం. ఖతర్‌కు ఆ వాన లేదు. ఏడాది మొత్తానికి అక్కడ కురిసేది సగటున 80 మిల్లీమీటర్ల లోపే. అదీ ప్రధానంగా శీతకాలంలోనే. మృగశిర నాటికి అక్కడ ‘షమాల్’ అనే వాయవ్యపు గాలి ధూళితో వీస్తూ ఉంటుంది. జూలైలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 41, 42 డిగ్రీల సెల్సియస్; రాత్రులు కూడా 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. 2010 జూలై 14న దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. అంటే రోహిణి కార్తె అక్కడ పదిహేను రోజులతో ముగియదు. నాలుగు నెలలు సాగుతుంది.

పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, పూత పూస్తుంది, పూత రాలిపోతుంది. దానిని పోషకలోపంగా భావించి ఎరువు వేయడం వల్ల ప్రయోజనం లేదు. లోపం కుండీలో కాదు, పంచాంగంలో ఉంది.

మరి ఆ నేలకు తగిన పంచాంగం ఏది? గల్ఫ్ అరబ్బులకు తరతరాలుగా ఒక నక్షత్ర గణన ఉంది. ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున దక్షిణ దిక్కున ‘సుహైల్’ నక్షత్రం పొడసూపితే ఎండ తగ్గుముఖం పట్టినట్లు లెక్క. ఆ రోజు నుంచి ఏడాదిని పది పది రోజుల భాగాలుగా లెక్కిస్తారు. అక్టోబరు 16 నుంచి 52 రోజులు ‘వస్మ్’. అది వానకు, పచ్చదనానికి పేరుపొందిన కాలం. ఈ సుహైల్ తెలుగువారికి కొత్తది కాదు, అగస్త్య నక్షత్రమే. అగస్త్యోదయంతో వర్షాకాలపు బురదనీరు తేటపడుతుందని వరాహమిహిరుని బృహత్సంహిత చెబుతుంది. తెలుగు కార్తెలు 27, ఒక్కొక్కటి 13 లేదా 14 రోజులు. అరబ్బుల నక్షత్ర స్థానాలు 28, ఒక్కొక్కటి సుమారు 13 రోజులు. పద్ధతి ఒకటే, ఫలితం వేరు. తెలుగు రైతు తొలకరికి చేసే పనిని దోహాలో సుహైల్ తరువాత చేయాలి: సెప్టెంబరులో నీడన నారు, అక్టోబరులో నాటు, డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు కోత.

ఏ మట్టికి?

ఖతర్ ద్వీపకల్పం చాలావరకు సున్నపురాతి పలక. దానిపై పలుచని ఇసుకమట్టి. అందులో సున్నం పాలు ఎక్కువ. పీహెచ్ సాధారణంగా 8 ప్రాంతంలో, అంటే క్షారం వైపు ఉంటుంది. పల్లపు ప్రదేశాలలో వాననీరు చేర్చిన మెత్తని ఒండ్రు మాత్రం సాగుకు పనికివస్తుంది. వాటిని అక్కడ ‘రౌదత్’ అంటారు. సముద్రతీరపు ‘సబ్‌ఖా’ ఉప్పుపర్రలు ఎందుకూ కొరగావు. కనుక దారి పక్క మట్టిని తవ్వి కుండీ నింపడం తగదు.

క్షారపు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నీటిలో ఫెర్రిక్ అయానుల గాఢత సుమారు వెయ్యోవంతుకు పడిపోతుంది. భాస్వరమూ, జింకూ కూడా ఇలాగే బిగుసుకుపోతాయి. ఈ నేపథ్యంలో రెండు ప్రసిద్ధ సలహాలను పరీక్షించవచ్చు.

మొదటిది పొయ్యి బూడిద. ఆమ్లగుణం గల నేలలో బూడిద మేలు చేస్తుంది. కాని బూడిద స్వయంగా క్షారం. సున్నపు మట్టిలో దోసెడు బూడిద పోయడమంటే ఉన్న జబ్బును పెంచడమే.

రెండవది వెనిగర్. ‘మట్టి క్షారమైతే వెనిగర్ కలిపిన నీరు పోయండి’ అంటారు. లెక్క చూడాలి. పది కిలోల మట్టిలో ఐదోవంతు సున్నం ఉన్నదనుకుంటే అది రెండు కిలోల కాల్షియం కార్బొనేట్. దానిని పూర్తిగా తటస్థీకరించడానికి రెండు కిలోల నాలుగు వందల గ్రాముల ఎసిటిక్ ఆమ్లం కావాలి. బజారులో దొరికే 5 శాతం వెనిగర్ అయితే 48 లీటర్లు! చెంచాడు వెనిగర్ చేసే మేలు గంటల్లోనే మాయమవుతుంది.

సున్నంతో పోరాడడం కంటే దానిని తప్పించుకోవడమే సులభం. కంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమంతో కుండీ నింపితే చాలు. అది బరువు తక్కువ గనుక డాబాకూ క్షేమం. అయితే కొబ్బరిపొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం, క్లోరైడు ఉంటాయి. దానిని రెండు మూడు నీళ్ళలో కడిగి, వీలైతే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ఒక పూట నానబెట్టి, మళ్ళీ కడిగి వాడాలి. ఇనుము కావలసినప్పుడు చిలేట్ రూపంలో ఇవ్వాలి. చిలేట్ అంటే లోహపు అయానును పీత డెక్కలతో పట్టినట్లు పట్టుకొనే అణువు. ఈడీటీఏ పట్టు క్షారపు మట్టిలో సడలిపోతుంది. ఈడీడీహెచ్ఏ పట్టు పీహెచ్ 9 వద్ద కూడా నిలుస్తుంది. పొట్లం మీద ‘చిలేటెడ్ ఐరన్’ అని ఉంటే సరిపోదు. ఏ చిలేటో చూసి కొనాలి.

ఏ నీటికి?

దోహా కుళాయి నీరు సముద్రజలం నుంచి ఉప్పు తీసిన నీరు. పొలాలు ఆధారపడే భూగర్భజలం మాత్రం చాలాచోట్ల ఉప్పు. అందువల్ల పొలంలో పనిచేసిన సలహా బాల్కనీకి, బాల్కనీ సలహా పొలానికి ఉన్నదున్నట్లు వర్తించవు.

లీటరుకు ఒక గ్రాము ఉప్పు ఉన్న నీటిని రోజుకు రెండు లీటర్ల చొప్పున వంద రోజులు పోస్తే కుండీలో చేరే ఉప్పు 200 గ్రాములు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఎరువుల లవణాలు, పశువుల పెంట లవణాలు దీనికి అదనం. ఉప్పు పెరిగితే వేరు నీటిని పీల్చలేదు. తడిమట్టిలో ఉండి కూడా మొక్క దాహంతో వాడిపోతుంది. కనుక ‘రోజూ కొంచెం కొంచెం చిలకరించండి’ అన్న సలహా ఎడారిలో చెల్లదు. పోసిన నీటిలో ఐదోవంతు కుండీ అడుగు నుంచి కారిపోయేంతగా తడిపి, పైపొర కాస్త ఆరిన తరువాత మళ్ళీ తడపాలి. కారే నీరు కింది ఇంటి బాల్కనీలో పడకుండా పళ్ళెం పెట్టి, ఆ నీటిని పారబోయాలి.

ఎండ ముదిరిన నెలల్లో డాబా మీది ట్యాంకులో నీరు కాగిపోతుంది. ముందు రాత్రి ఇంట్లో బకెట్టుకు పట్టి చల్లారనిచ్చి తెల్లవారుజామున పోయడం ఉత్తమం. ఎయిర్ కండిషనర్ నుంచి కారే నీటిలో దాదాపు లవణాలు ఉండవు. కుండీలో చేరిన ఉప్పును కడగడానికి అది మేలైనది, పోషకాలు మాత్రం అందులో లేవు.

ఏ పంట ఎంత ఉప్పును భరిస్తుందో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు పట్టిక వేశారు; తరువాత దానికి మరికొన్ని పంటలు చేరాయి. మట్టిలోని ద్రావణపు విద్యుద్వాహకతను మీటరుకు డెసీసీమెన్లలో కొలిస్తే, ఫ్రెంచి చిక్కుడు దిగుబడి 1 దగ్గరే తగ్గసాగుతుంది. వంకాయ 1.1, మిరప 1.5, టమాటా 2.5, బీట్‌రూట్ 4. పావలికూర 6.3 వరకు, గోరుచిక్కుడు 8.8 వరకు తట్టుకుంటాయి. పేరులో రెండూ చిక్కుళ్ళే. ఓర్పులో ఎంతో అంతరం!

ఆకు చెప్పే మాట

ఆకు పసుపెక్కితే యూరియా వేయమనడం అతి సాధారణ సలహా; అతి ప్రమాదకరమైనదీ అదే. ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడాలి. అడుగున ఉన్న ముదురాకులు పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. చివుళ్ళు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. ఆకు అంచులు, కొసలు మాడితే ఉప్పు. ఈ మూడవ స్థితిలో యూరియా వేయడం ఉప్పు మీద మరింత ఉప్పు చేర్చడమే.

గోంగూర చిక్కుముడి

గోంగూర ఎండకు ఓర్చే మొక్క. అయినా అక్టోబరులో వేసిన గోంగూర జానెడు పెరగకుండానే పూతకు వస్తుంది. కారణం చలి ఒక్కటే కాదు, పొద్దు. పగటి కాలం కుదించుకుపోతే పూసే జాతి ఇది. డిసెంబరులో హైదరాబాదు పగలు సుమారు పదకొండు గంటలు. దోహా పగలు పదిన్నర గంటలే. ఆకు కావాలంటే ఫిబ్రవరి చివర విత్తి, మధ్యాహ్నపు ఎండకు నీడవల కట్టి, మే వరకు కోసుకోవాలి. శీతకాలంలోనే కావాలంటే ఒత్తుగా చల్లి లేతగా వేళ్ళతో పీకి వండుకోవాలి. పందిరి చిక్కుడుకు ఇదే పొట్టి పొద్దు వరం. సెప్టెంబరులో విత్తితే శీతకాలంలో కాపు. కొత్తిమీర, మెంతి, పాలకూర అక్టోబరు నుంచి జనవరి వరకు. తోటకూర, బచ్చలి వసంతపు వేడికి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుతాయి. మేడమీదికి తేనెటీగలు, రెక్కల పురుగులు రావడం అరుదు గనుక మగపువ్వు పుప్పొడిని చేతితో ఆడపువ్వుకు అద్దాలి.

సలహా దొరికే చోట్లు

రౌదత్ అల్ ఫరస్‌లో ఖతర్ ప్రభుత్వపు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. లవణభూముల సాగుకే ప్రత్యేకించిన అంతర్జాతీయ కేంద్రం 1999లో దుబాయిలో వెలసింది. 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు అల్ బిద్దా పార్కులో అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శన జరిగింది. 2017 జూన్‌లో పొరుగు దేశాలు సరిహద్దు మూసినప్పుడు స్థానిక కూరగాయల సాగు ఊపందుకుంది. 2021 జనవరిలో సరిహద్దు తెరిచిన తరువాతా ఆ అనుభవం నిలిచింది. అల్ మజ్రూఆ, అల్ ఖోర్, అల్ వక్రాలలో శీతకాలపు రైతుబజార్లు నడుస్తాయి. అక్కడ ఏ వారం ఏ కూర గుట్టలుగా వస్తుందో గమనిస్తే అదే ఉచిత పంచాంగం. మలయాళీ కుటుంబాలు ‘నమ్ముడె అడుక్కళత్తోట్టం’ పేరుతో కూడి విత్తనాలు, నారు, అనుభవం పంచుకుంటున్నాయి. స్వదేశం నుంచి విత్తనం తెచ్చుకొనేవారు మొక్కల క్వారంటైన్ నియమాలు ముందుగా తెలుసుకోవాలి. మట్టిని మాత్రం తేరాదు.

వీటన్నిటిలో కొరత ఒకటే. ఆ వీధి, ఆ దిక్కు బాల్కనీ, ఆ కుళాయి – వీటికి సరిపోయే సలహా అక్కడ రెండు మూడు శీతకాలాలు పండించినవారి దగ్గరే ఉంటుంది. వారు బదిలీపై వెళ్ళిపోతే ఆ జ్ఞానమూ సామానుతో పాటు వెళ్ళిపోతుంది. కొత్తగా దిగిన కుటుంబం మళ్ళీ మొదటి నుంచి ఆరంభిస్తుంది. విత్తిన తేదీ, మొలిచిన తేదీ, బాల్కనీ దిక్కు, వాడిన మిశ్రమం, మొదటి కోత – ఈ ఐదు మాటలు ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పక్కింటివారి చేతిలో పెడితే ఆ నష్టం ఉండదు. విత్తనాన్ని తరువాతి ఏటికి దాచడం తెలుగు ఇళ్ళలో ఎప్పుడూ ఉన్న ఆచారమే. ఈ పుస్తకమూ అటువంటి విత్తనమే.