బాణం కొసన తులం బరువు బాధ్యత!

విల్లంబులు అనగానే మనకి రాముడో, అర్జునుడో గుర్తుకొస్తారు. లేదంటే మన నల్లమల చెంచులు. నాకు మాత్రం మా పక్కింటావిడ గుర్తుకొస్తారు. మేముండేది అమెరికాలోని కొలరాడోలో. ఆవిడ రిటైరైన టీచరు, అరవై దాటాయి. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే విల్లు పట్టుకుని కొండల్లోకి వెళ్ళిపోతారు... జింక కోసం, ఎల్క్ కోసం! ఎల్క్ అంటే మన కణుజులాంటి పెద్ద దుప్పి. బాగా ఎదిగిన మగది మూడొందల కిలోల పైమాటే.

'అయ్యో పాపం' అనిపించింది కదూ? నాకూ అనిపించింది. మన దేశంలో జింకని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ ప్రభుత్వమే లెక్క చూసుకుని లైసెన్సులు ఇస్తుంది. అయితే ఆవిడతో బాణాల షాపుకి వెళ్ళాక, ఆ పాపం అన్న మాట గురించి ఆవిడే నాకన్నా ఎక్కువ ఆలోచిస్తారని అర్థమైంది.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో (2023లో జరిగాయి) మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. దానికి కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక బరువు చాలావరకు అవే మోస్తాయి. ఈవిడది పాతకాలపు విల్లు. కప్పీల్లేవు. లాగిన బరువంతా చేతులదే... 45 పౌన్లు, అంటే ఇరవై కిలోలు!

షాపతను మగవాళ్ళు ఎక్కువగా కొనే మూడంచుల వెడల్పాటి ములికి తీసిచ్చాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వెడల్పు పెరిగితే గాయం పెద్దదవుతుంది, నిజమే. కానీ దూసుకుపోవడానికి బలం కావాలి. నా విల్లుకి అంత బలం లేదు. సగంలో ఆగిపోతే ఆ జంతువు గతేమిటి?" అన్నారు.

తగలగానే రెక్కలు విచ్చుకునే రకాలూ ఉన్నాయి. విచ్చుకోవడానికే కొంత బలం ఖర్చయిపోతుందని వాటినీ పక్కన పెట్టారు. ఆవిడ తీసుకున్నది సన్నగా, పొడుగ్గా ఉన్న రెండంచుల ఉక్కు ములికి. కొలరాడో రూల్సు ప్రకారం ములికి వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి, కనీసం రెండు ఉక్కు అంచులుండాలి. ఇది ఆ లెక్కకి సరిపోయింది.

ఇక బరువు. ములికిని గ్రెయిన్లలో తూస్తారు. మన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు! ఆవిడ ఎంచుకున్నది 175... తులానికి ఓ పిసరు తక్కువ. బాణం మొత్తం 500 గ్రెయిన్లు. విల్లు బరువు పౌనుకి పది గ్రెయిన్లకి తగ్గకూడదన్నది ఇక్కడి వేటగాళ్ళ పాత లెక్క. తేలిక బాణం వేగంగా వెళుతుంది కానీ ఒంట్లో దిగాక త్వరగా ఆగిపోతుంది. బరువైనది నిదానంగా వెళ్ళినా లోతుకి దిగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పదును. తూటాలా బాణం దెబ్బతో కూల్చదు, కోస్తుంది. ఊపిరితిత్తులు తెగి నెత్తురు పోతేనే ప్రాణం పోతుంది. పదునైన అంచు తగిలితే జంతువు కాసేపట్లోనే పడిపోతుంది. మొద్దుదైతే గాయంతో పారిపోయి ఎక్కడో పొదల్లో యాతన పడుతుంది. మన కత్తిపీట మొద్దుబారితే టమాటా నలుగుతుంది, అంతే. ఇక్కడ ప్రాణం నలుగుతుంది.

అందుకే పెట్టెలోంచి తీసిన కొత్త ములికిని కూడా ఆవిడ నమ్మరు. సానరాయి మీద రెండు పక్కలా సమంగా నూరతారు. ఆపైన రబ్బరుబ్యాండు సాగదీసి అంచుని ఆనిస్తారు. ఆనించగానే తెగిందా సరే, లేదంటే మళ్ళీ సానరాయి దగ్గరికే. ప్రాక్టీసుకి అదే బరువున్న మామూలు మొనలు వాడతారు. సీజను ముందు మాత్రం అసలు ములికి బిగించి, బాణం వంకరపోకుండా వెళుతోందో లేదో చూసుకుంటారు.

అన్నీ కుదిరినా ఇరవై గజాలు దాటితే బాణం వదలరు. పోయినేడు పదిహేను రోజులు తిరిగి ఖాళీ చేతుల్తో వచ్చారు. ఎల్క్ కనిపించింది, కానీ నలభై గజాల్లో ఉందట.

"బాధగా లేదా?" అని అడిగాను.

"బాణం వేసి ఉంటే బాధపడేదాన్ని" అన్నారు, ములుకులకి తుప్పు పట్టకుండా నూనె రాస్తూ.