లాప్‌టాపులోని చిన్నబిళ్ళ

ఇంటనున్న పాత లాప్‌టాపు తెరచినప్పుడెల్ల తేదీ వెనుకటి యేండ్లకు పోవుచున్నచో యంత్రము చెడెనని పారవేయవలదు. లోపలి గడియారమును నడపు బిళ్ళబ్యాటరీ నీరసించియుండును. తేదీ తప్పినచో వెబ్‌సైట్లు పెక్కులు తెరచుకొనవు. పిల్లల చదువునకు విఘ్నము.

యంత్రము నాపి, ఛార్జరును పెద్దబ్యాటరీని వేరుచేసి, పాతబిళ్ళపై సంఖ్యను చూచి యట్టిదే తేవలెను. తరచుగా వాడబడు సీఆర్ 2032 బిళ్ళ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టుల బలము గలది. కొన్నిటికి తీగె అతికియుండును. అట్టివి ఉయ్యూరు అంగళ్ళలో దొరకనిచో బెజవాడనుండి తెప్పించుకొనవచ్చును. బిళ్ళ మార్చినపిదప తేదీని సరిదిద్దవలెను.

అన్నిటికంటె ముఖ్యమొకటి కలదు. నీరసించిన బిళ్ళయు పసివారికి ప్రాణాంతకమే. మ్రింగినచో 2 గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును. వాంతి చేయింపక, తత్క్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. పాతబిళ్ళను టేపుతో చుట్టి, పిల్లలకందనిచోట భద్రపరచి, ఈ-వ్యర్థములు సేకరించువారి కప్పగింపుడు.