కొత్త కారులో లోపం ఉంటే ఏం చేయాలి? సూరత్‌లో ఉంటూ హైదరాబాద్ డీలర్‌పై ఫిర్యాదు చేయవచ్చా?

గుజరాత్‌లోని సూరత్‌లో మరమగ్గాలను, వస్త్ర వ్యాపారాన్ని నమ్ముకొని స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇలా రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు సాగించే కుటుంబం హైదరాబాద్‌లో కారు కొని సూరత్‌లో నడుపుతోందనుకుందాం. కొన్న నెలకే ఇంజన్ పదేపదే ఆగిపోతుంటే ఎవరిని అడగాలి? ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు

2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చింది. వస్తువును ఎక్కడ కొన్నప్పటికీ, కొనుగోలుదారు తాను నివసించే చోట లేదా ఉపాధి పొందుతున్న చోట ఫిర్యాదు చేయవచ్చు. అంటే హైదరాబాద్‌లో కొన్న కారు గురించి సూరత్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. డీలర్‌ను, తయారీ సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషన్, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అంతకు మించితే జాతీయ కమిషన్ విచారిస్తాయి. 5 లక్షల వరకు రుసుము లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు చెల్లించాలి. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

వ్యాపార ప్రయోజనం కోసం కొన్న వాహనానికి ఈ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనుక్కున్న ట్యాక్సీకి మినహాయింపు ఉంది. దాని యజమానీ వినియోగదారుడే.

కొత్త కారు ఇస్తారా?

లోపాన్ని సరిచేయాలని, వాహనాన్ని మార్చి ఇవ్వాలని, డబ్బు వాపసు చేయాలని, పరిహారం చెల్లించాలని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే లోపం ఉన్న ప్రతి కారుకూ బదులు కొత్త కారు రాదు. సుప్రీంకోర్టు తీర్పులే ఇందుకు నిదర్శనం.

2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, వారంటీ షరతులు లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైనప్పుడు మొత్తం కారును మార్చమనడం సరికాదని సుప్రీంకోర్టు పేర్కొంది.

2022లో హ్యుందాయ్ కేసులో ఫలితం వేరు. ప్రమాదంలో క్రెటా కారు ఎయిర్‌బ్యాగ్‌లు తెరుచుకోలేదు. ముందువైపు నుంచి తగినంత బలంగా ఢీకొంటేనే అవి తెరుచుకుంటాయని కంపెనీ వాదించింది. ఢీకొన్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టేంత భౌతికశాస్త్ర పరిజ్ఞానం వినియోగదారుడికి ఉండాలని ఆశించలేమని న్యాయస్థానం అభిప్రాయపడింది. పరిహారంతోపాటు వాహనాన్ని మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

హైదరాబాద్ కేసు చెప్పే పాఠం

2009 సెప్టెంబరులో ఒక సంస్థ కొన్న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారులో కొద్ది రోజులకే తీవ్రమైన లోపం బయటపడింది. నవంబరులో అదే సమస్య మళ్లీ ఎదురవడంతో ఆ సంస్థ మోసం జరిగిందంటూ పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2012లో హైకోర్టు ఆ క్రిమినల్ కేసును కొట్టివేస్తూనే కొత్త కారు ఇవ్వాలని ఆదేశించింది. నేరం రుజువు కాదని కేసు కొట్టివేసినప్పుడు అలా ఆదేశించడం సమంజసం కాదని సుప్రీంకోర్టు 2024 జులైలో తేల్చింది. అన్ని వివాదాల తుది పరిష్కారంగా 50 లక్షల రూపాయలు చెల్లించాలని కంపెనీని ఆదేశించింది. అప్పటికి కారు కొని దాదాపు పదిహేనేళ్లు గడిచాయి.

కారులోని లోపం, మోసం అనే నేరం రెండూ ఒకటి కావని ఈ కేసు గుర్తుచేస్తోంది. లోపానికి పరిహారం కోరేవారికి సాధారణంగా వినియోగదారుల కమిషనే తగిన వేదిక.

రుజువులే బలం

తయారీ లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ప్రధానంగా ఫిర్యాదుదారుడిదే. అందుకే వాహనాన్ని సర్వీస్ సెంటర్‌లో ఇచ్చిన ప్రతిసారీ జాబ్‌కార్డులో సమస్యను స్పష్టంగా రాయించి, ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. ఫోన్‌లో మాట్లాడిన విషయాన్ని ఈ-మెయిల్ ద్వారా కూడా తెలియజేయాలి. బిల్లు, వారంటీ పుస్తకం, సర్వీస్ రసీదులు భద్రపరచాలి. అవసరమైతే నిపుణుల పరీక్షకు కమిషన్ ఆదేశించవచ్చు. పరీక్ష అవసరం లేని కేసులను మూడు నెలల్లో, అవసరమైన వాటిని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది.

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఫిర్యాదుదారుడు స్వయంగా వాదించుకోవచ్చు. కమిషన్ ఆదేశాన్ని పాటించని వారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష గానీ, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించే అవకాశం ఉంది.