దుమ్ము పీల్చిన యంత్రం, ఊరు వదిలిన కార్ఖానా

1993 జనవరిలో వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ విషయమై ఫ్రాన్స్‌కూ బ్రిటన్‌కూ మధ్య పెద్ద రగడ జరిగింది. ఫ్రాన్స్‌లో డీజోన్ నగరం పక్కనున్న ఫ్యాక్టరీని మూసేసి, ఆ పనంతా స్కాట్లాండ్‌లోని కేంబస్‌లాంగ్‌కు తరలిస్తున్నామని హూవర్ కంపెనీ ప్రకటించింది. ఫ్రాన్స్‌లో సుమారు 600 మంది పని పోతుంది, స్కాట్లాండ్‌లో సుమారు 400 మందికి కొత్తగా పని దొరుకుతుంది. కొత్తగా చేరేవాళ్లకు తాత్కాలిక ఒప్పందాలు, జీతాల మీద అదుపు లాంటి షరతులకు స్కాట్లాండ్ కార్మికులు ఒప్పుకున్నాకే ఈ నిర్ణయం వచ్చింది. ఫ్రెంచి ప్రభుత్వం మండిపడింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో జేమ్స్ డైసన్ అనే డిజైనర్ సంచి లేని క్లీనర్‌ను సొంత పేరుతో అమ్మకానికి పెట్టాడు. ఉత్తరాన కేంబస్‌లాంగ్, దక్షిణాన డైసన్. బ్రిటిష్ వాక్యూమ్ క్లీనర్‌కు మళ్లీ మంచి రోజులొచ్చాయని ఎవరైనా అనుకుంటారు. ఓ పుష్కరం గడిచేసరికి ఆ రెండు చోట్లా తయారీ ఆగిపోయింది.

ఈ యంత్రాన్ని కనిపెట్టిన దేశాల్లో బ్రిటన్‌దే ముందు వరస. అందుకే ఈ పతనాన్ని ‘కొత్త ఆలోచనలు లేక వెనకబడ్డారు’ అని తేల్చేస్తే నాకు ఒప్పుదల కాదు. ఆలోచనలకు అక్కడ ఎన్నడూ కరువు లేదు. కరువు వచ్చింది వేరే చోట.

1901లో లండన్‌లోని ఒక వినోదశాలలో దుమ్ము దులిపే అమెరికన్ యంత్రాన్ని ప్రదర్శించారు. అది గాలిని ఊదుతుంది, దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది. చూడటానికి వెళ్లినవాళ్లలో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు ఉన్నాడు. వంతెనలు, వియన్నా, పారిస్ నగరాల్లోని జెయింట్ వీల్స్ లాంటివి కట్టించిన మనిషి. ఊదే బదులు పీల్చకూడదా అని అడిగితే అది జరిగే పని కాదన్నారట. బూత్ ఓ హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడు. ఉక్కిరిబిక్కిరయ్యాడు గానీ, రుమాలు అడుగున దుమ్ము మచ్చ కనిపించింది. అంటే గుడ్డ గుండా గాలి వెళ్తుంది, దుమ్ము ఆగిపోతుంది. పంపు, గొట్టం, వడపోత గుడ్డ కలిపి ఆ ఏడాది ఆగస్టులో పేటెంటు కోరాడు.

నాపరాళ్లు, షాబాదు బండలు పరిచిన మన ఇళ్లకు చీపురూ తడిగుడ్డా చాలు. చలిదేశంలో గోడ నుంచి గోడకు ఉన్ని తివాచీలు పరుస్తారు. ఉన్నిపోగుల మధ్య కూరుకున్న ఇసుకరేణువుల్ని చీపురు కదపలేదు. ఈ యంత్రం ఆ ఇళ్ల అవసరంలోంచి పుట్టింది. యంత్రం దుమ్మును లాగుతుందని మనం అనుకుంటాం గానీ, నిజానికి అది చేసేది లోపలి గాలిని బయటికి తోసి పీడనం తగ్గించడమే. ఆ తగ్గిన చోటికి బయటి వాతావరణం తోసుకువస్తూ దారిలోని రేణువుల్ని మోసుకొస్తుంది.

బూత్ మొదటి యంత్రం గుర్రబ్బండి అంత ఉండేది, గుర్రాలే లాగేవి. వీధిలో నిలిపి, పెట్రోలు ఇంజనుతో పంపు నడిపి, పొడుగాటి గొట్టాల్ని కిటికీల్లోంచి ఇళ్లలోకి పంపేవారు. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో తివాచీలు శుభ్రం చేయడంతో పేరు మోగిపోయింది. బూత్ ఆలోచనంతా ఒక సేవను అమ్మడం మీదే సాగింది. పెట్టెలాంటి యంత్రాన్ని ప్రతి ఇంటికీ అమ్మాలన్న ఆలోచన అమెరికాలో ముందుగా పండింది. ఒహాయో రాష్ట్రంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే పనివాడు తయారుచేసుకున్న చిన్న విద్యుత్ క్లీనర్ పేటెంటు 1908లో తోలు సామాన్ల వ్యాపారి విలియం హూవర్ చేతికి వచ్చింది. బూత్ కంపెనీ కూడా తర్వాత గాబ్లిన్ పేరుతో ఇంటి క్లీనర్లు చేసి, సర్రీలోని లెదర్‌హెడ్‌లో పెద్ద కార్ఖానా నడిపింది. అప్పటికే బ్రిటిష్ మార్కెట్టు అమెరికన్ పేరుకు అలవాటు పడిపోయింది.

ఆ అమెరికన్ కంపెనీ యంత్రాల్ని బ్రిటన్‌లోనే ఎందుకు తయారుచేసింది? 1926 చట్టంతో దేశవ్యాప్త విద్యుత్ గ్రిడ్ పని మొదలైంది, 1930ల చివరికి మూడింట రెండు వంతుల ఇళ్లలో కరెంటు వచ్చింది. 1932లో దిగుమతి సుంకాలు పడ్డాయి. బయటి నుంచి తెచ్చి అమ్మడం ఖరీదైతే లోపలే చేయడం మేలు. లండన్ పడమటి అంచున, పెరివేల్‌లో వెస్టర్న్ అవెన్యూ పక్కన 1933లో హూవర్ కార్ఖానా తెరుచుకుంది. వాలిస్ గిల్బర్ట్ సంస్థ గీసిన ఆ తెల్లని భవనం, రంగురంగుల పింగాణీ పలకల అంచులతో రోడ్డున పోయేవాళ్లని ఆపి చూసేలా చేసేది. కార్ఖానాను ఇంత అందంగా కట్టాలన్న పట్టుదలలో ఆ కాలానికి తయారీ పని మీదున్న గౌరవం కనిపిస్తుంది. అక్కడ మోటార్లు చుట్టారు, బ్రష్‌లు బిగించారు. ఇంటింటికీ తిరిగే సేల్స్‌మన్‌లు వాయిదాల మీద అమ్మారు. యుద్ధకాలంలో అదే చోట విమానాలకు విద్యుత్ పరికరాలు చేశారు. యుద్ధం ముగిశాక కేంబస్‌లాంగ్‌లో మరో కార్ఖానా వచ్చింది. వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌విల్‌లో 1948లో వాషింగ్ మెషీన్ల కార్ఖానా కూడా వచ్చింది. లూటన్‌లో స్వీడన్ వారి ఎలక్ట్రోలక్స్ 1926 నుంచే ఉంది.

అరుగుదల మొదలైంది ఈ వెలుగులోనే. యుద్ధానంతర ప్రభుత్వాలు జనం ఖర్చును అదుపు చేయాలనుకున్నప్పుడల్లా వాయిదాల కొనుగోళ్ల నిబంధనలు బిగించేవి, తర్వాత సడలించేవి. ముందు కట్టాల్సిన సొమ్ము పెంచితే క్లీనర్ల అమ్మకం పడిపోతుంది, తగ్గిస్తే ఒక్కసారిగా లేస్తుంది. ఇలా ఊగే గిరాకీని నమ్ముకుని ఏ కంపెనీ పాతికేళ్లకు పనికొచ్చే కొత్త యంత్రసామగ్రి కొంటుంది? నా ఉద్దేశంలో బ్రిటిష్ గృహోపకరణాల కథలో తక్కువగా చెప్పుకునే కారణం ఇది. 1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సముదాయంలో చేరాక ఖండం నుంచి వచ్చే సరుకుకు సుంకాల అడ్డు తగ్గింది. 1980ల మొదట్లో పౌండు విలువ పెరిగి, మాంద్యం ముదిరింది. 1982లో పెరివేల్ మూతపడింది. ఆ భవనంలో 1992లో టెస్కో సూపర్‌మార్కెట్ వచ్చింది, ముందుభాగం తర్వాత ఫ్లాట్లయింది.

ఇక హూవర్ ఉచిత విమానాల వ్యవహారం. 1992లో 100 పౌండ్లకు పైగా సరుకు కొంటే రెండు విమాన టికెట్లు ఉచితం అన్నారు. ముందు యూరప్‌కు, తర్వాత అమెరికాకు. టికెట్టు ఖరీదే క్లీనర్ ఖరీదుకన్నా ఎక్కువ కాబట్టి జనం టికెట్ల కోసమే క్లీనర్లు కొన్నారు. కంపెనీకి 5 కోట్ల పౌండ్ల దాకా ఖర్చయింది, కోర్టు కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. అప్పటికి యజమానిగా ఉన్న అమెరికన్ మేటాగ్ 1995లో హూవర్ యూరప్ వ్యాపారాన్ని ఇటలీకి చెందిన క్యాండీకి అమ్మేసింది. ఈ కథను అందరూ నవ్వుకుంటూ చెబుతారు. నాకు మాత్రం, తాము తయారుచేసే వస్తువు తనంతట తాను అమ్ముడవుతుందన్న నమ్మకం కంపెనీకే పోయిందని అనిపిస్తుంది.

అదే కాలంలో ఆ నమ్మకం నిండుగా ఉన్నవాడు డైసన్. గుడ్డ లేదా కాగితపు సంచి వడపోతగా పనిచేస్తున్నకొద్దీ దాని రంధ్రాలు పూడుకుపోతాయి, గాలి ప్రవాహం తగ్గుతుంది, యంత్రం శబ్దం చేస్తూ ఉత్తిగా తిరుగుతుంది. గాలిని శంకువు ఆకారపు గిన్నెలో గిర్రున తిప్పితే బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కిందికి జారతాయి. పెద్ద కార్ఖానాల్లో అప్పటికే వాడుకలో ఉన్న ఈ సైక్లోన్ పద్ధతిని ఇంటి యంత్రంలో ఇరికించడానికి అతను 1978 నుంచి 5,127 నమూనాలు చేశాడు. పెద్ద కంపెనీలకు సంచుల అమ్మకమే ఏటా రాబడి, సంచి లేని యంత్రం వాళ్లకు రుచించలేదు. ముందు జపాన్‌లో లైసెన్సు మీద జీ-ఫోర్స్ పేరుతో వచ్చి, 1993లో డీసీ01గా బ్రిటన్‌కు చేరింది. రెండేళ్లలోపే అది దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే క్లీనరైంది. సైక్లోన్ పేటెంటును హూవర్ ఉల్లంఘించిందని 2000లో లండన్ హైకోర్టు తేల్చింది కూడా.

ఆ విజయం తర్వాత రెండేళ్లు తిరక్కముందే, 2002 ఫిబ్రవరిలో, విల్ట్‌షైర్‌లోని తన మామ్స్‌బరీ కార్ఖానాలో క్లీనర్ల తయారీ ఆపి మలేసియాకు తరలిస్తున్నట్టు డైసన్ ప్రకటించాడు. సుమారు 800 ఉద్యోగాలు పోయాయి. జీతాల తేడా ఒక కారణం. కార్ఖానా విస్తరణకు అనుమతులు దొరకలేదన్నది మరొకటి. నేను ఎక్కువ బరువిచ్చే కారణం మూడోది. ప్లాస్టిక్ భాగాలు, స్విచ్చులు, ఎలక్ట్రానిక్స్ సరఫరాదారులు అప్పటికే తూర్పు ఆసియాకు చేరిపోయారు. మర్రి కూలితే దాని మీది గూళ్లన్నీ పోయినట్టు, పెద్ద కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే వాటి మీద బతికిన మోల్డులు చెక్కేవాళ్లు, వైండింగ్ వాళ్లు, బేరింగుల వాళ్లు కూడా పోతారు. ఆ తర్వాత వచ్చినవాడికి ఎంత గొప్ప ఆలోచన ఉన్నా, ఒక మోల్డులో చిన్న మార్పు కావాలంటే సముద్రాలు దాటాలి. మలేసియాకు వెళ్తే ఆ మనుషులు పక్క వీధిలో ఉంటారు.

పరిశోధన విభాగం మామ్స్‌బరీలోనే ఉండి పెరిగింది. డిజైన్ ఇక్కడ, తయారీ అక్కడ అన్న ఏర్పాటు చాలామందికి సబబుగా తోచింది. నాకది అసంపూర్ణమే. నమూనా చేసేవాడికీ, రోజుకు వేలకొద్దీ బిగించేవాడికీ మధ్య జరిగే మాటల్లోంచే సగం మెరుగులు పుడతాయి. 2019లో డైసన్ ప్రధాన కార్యాలయం కూడా సింగపూర్‌కు మారింది, 2024లో బ్రిటన్‌లో సుమారు 1,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. డైసన్ వెళ్లిన కొన్నేళ్లకే కేంబస్‌లాంగ్‌లో క్లీనర్ల తయారీ ముగిసి చైనాకు పోయింది. ఇంగ్లండ్‌లో డ్రోయిట్‌విచ్‌లో పుట్టిన క్లీనర్ల సంస్థ వాక్స్ 1999లోనే హాంకాంగ్ కంపెనీ చేతికి వెళ్లింది.

అయితే ఇది తప్పనిసరి అనడానికి అడ్డుపడే ఊరొకటుంది. సోమర్‌సెట్‌లోని చార్డ్. 1969లో క్రిస్ డంకన్ స్థాపించిన న్యూమాటిక్ సంస్థ బాయిలర్లలో మసి తీసే మొరటు క్లీనర్లతో మొదలై, 1980ల ఆరంభంలో హెన్రీ అనే గుండ్రటి ఎర్ర యంత్రాన్ని తెచ్చింది. ఓ ప్రదర్శనలో సరదాగా సుద్దతో గీసిన ముఖమే దానికి శాశ్వతంగా అంటుకుంది, ముక్కు స్థానంలో గొట్టం. హెన్రీ ఇవాళ్టికీ చార్డ్‌లోనే తయారవుతోంది. కుటుంబ సంస్థ కావడమే కారణమంటారు గానీ, డైసన్‌ది కూడా సొంత సంస్థే. తేడా ఆ వస్తువులోనే ఉంది. దాని మొదటి కొనుగోలుదారులు ఆఫీసులు, బడులు శుభ్రం చేసే కాంట్రాక్టర్లు. వాళ్లకు ఏటా కొత్త రూపం అక్కర్లేదు, ఆగకుండా నడిస్తే చాలు. ఆకారం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు గనక మోల్డుల ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చింది. ప్లాస్టిక్ భాగాలు సొంతంగా పోసుకుంటారు, ఒకే భాగాన్ని చాలా మోడళ్లలో వాడతారు. అంటే సరఫరాదారులు ఊరు వదిలినా, వాళ్ల పనిలో ముఖ్యమైన భాగాన్ని కార్ఖానా తన గోడల మధ్యే నిలుపుకుంది. హెన్రీలో సైక్లోన్ లేదు, ఇప్పటికీ సంచే. మోటారు పాడైతే పైమూత మరలు విప్పి కొత్తది బిగించుకోవచ్చు, గొట్టం చిరిగితే గొట్టం ఒక్కటే కొనుక్కోవచ్చు.